ఆసు, రాజు, గుండు

భద్రాచలం వెళ్ళి వచ్చినవాళ్ళను ఎవరైనా దర్శనం ఎలా అయిందని అడుగుతారు. నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా తల వంక చూస్తారు, కాసేపు తటపటాయిస్తారు, ఆ తర్వాత గొంతు తగ్గించి "ఎవరు పోయారు?" అంటారు. ఎవరూ పోలేదు. పోయింది జుట్టు ఒక్కటే. అదెలా పోయిందో విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే అటువైపు వెళ్ళనివాళ్ళ కోసం, ముఖ్యంగా వెళ్దామనుకుంటున్న పెళ్ళికాని మగవాళ్ళ కోసం, దారి పొడవునా జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ఖమ్మంలో సెల్‌ఫోన్లు అమ్మే దుకాణానికి నేను మేనేజరుని. నా కింద పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నన్ను నేనే మేనేజ్ చేసుకుంటాను. పక్కనే నెట్ సెంటరు. బేరాలు లేని మధ్యాహ్నాల్లో అక్కడ కూర్చుని పోకర్ నేర్చుకున్నాను, డబ్బుతో కాదు, ఉత్తుత్తి బిళ్ళలతో. మా సాంబయ్య బావది కారేపల్లి. తప్పిపోయిన బర్రె దొరికితే గుండు చేయించుకుంటానని మొక్కుకున్నాడు. బర్రె దొరికింది. తోడుగా నన్ను రమ్మన్నాడు. ఆ శుక్రవారమే నాకు మధిరలో పెళ్ళిచూపులు. వెళ్ళనా వద్దా అని అమ్మను అడిగితే దేవుడి పని కాబట్టి కాదనలేకపోయింది.

"పో. కానీ తలకాయ ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తీస్కరా," అంది. "నువ్వు నల్లగున్నా, పొట్టిగున్నా ఆ జుట్టొక్కటి జూసే ఎవరన్నా పిల్లనియ్యాలె."

కన్నతల్లి మాట కదా, పట్టించుకోలేదు.

రైల్లో పల్లీలు

సోమవారం పొద్దున ప్యాసింజరు ఎక్కాను. బావ కారేపల్లిలో ఎక్కాడు, వేయించిన పల్లీల సంచీతో. మా ఎదురు సీట్లో కుసుమంచి నుంచి వస్తున్న వీరమ్మ పెద్దమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఆమెకూ భద్రాచలంలో మొక్కు ఉంది. ఇంటి ముందున్న సినిమా టాకీసు దగ్గర మిర్చిబజ్జీలు వేసి పిల్లల్ని పెంచానని పరిచయమైన వెంటనే చెప్పింది. ఇంకాసేపటికి మా ముగ్గురి మధ్యా చుట్టరికం కూడా ఎక్కడో తేల్చేసింది.

బావకు రమ్మీ వచ్చు, మూడుముక్కలాట వచ్చు. పోకర్ నేర్పుతానని సంచీలోంచి పేక తీసి, బిళ్ళలకు బదులు పల్లీలు పంచాను. తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు, ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. ఆ తర్వాత అందరికీ ఉమ్మడిగా మధ్యలో మూడు ముక్కలు ఒకేసారి తెరుస్తారు. దాన్నే ఫ్లాప్ అంటారు. తర్వాత ఇంకో రెండు తెరుస్తారు. కానీ అసలు తెలివంతా ఆ మూడూ తెరవకముందే కావాలి. ఎదుటివాడు పందెం పెంచాడు. పెంచడాన్ని రైజ్ అంటారు. ఇప్పుడు మనం ముక్కలు పారేసి లేవచ్చు. అంతే పెట్టి చూడొచ్చు, దాన్ని కాల్ అంటారు. లేదా వాడి మీద మళ్ళీ మనం పెంచొచ్చు, అది రీరైజ్.

"కాల్," అని చూపించాను.

బావ కాలు పక్కకు జరుపుకున్నాడు. "తగిలిందా ఏంది?"

"కాలు కాదు బావా, కాల్. నీ అంత నేనూ పెట్టి చూస్తా అని."

"ఫ్లాప్ అంటే?" అని పెద్దమ్మ అడిగింది. చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఫ్లాప్ అని ముందే తెలిసినంక టికెట్టు కొనుడెందుకు బిడ్డా?"

ఎప్పుడు కాల్ అనాలో, ఎప్పుడు తిరిగి పెంచాలో నా దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. చిన్న జత వచ్చిందనుకోండి, రెండు ఐదులో రెండు ఆరులో, తక్కువ పందేనికే దొరికితే కాల్ అని చూడాలి. మూడోది వస్తే పంట పండుతుంది, రాకపోతే వదిలేయొచ్చు. రాణి, పది లాంటివి చూడటానికి బాగుంటాయి గానీ గట్టివాడు పెంచితే పారేయాలి. పెద్ద జతలు వచ్చినా, ఆసు రాజు వచ్చినా తిరిగి పెంచాలి. అన్నిటికన్నా ముఖ్యం, పెంచినవాడెవడో చూడాలి. ఎప్పుడూ పెంచనివాడు పెంచితే నమ్మి లేవాలి. ఎప్పుడూ పెంచేవాడు పెంచితే వాడి మీద పెంచాలి.

బావ ప్రతి ఆటా పెంచాడు. ముక్కలు చూడకుండా కూడా పెంచాడు. పారేయడమనేది ఆయన దృష్టిలో మర్యాద తక్కువ పని.

"పంచినోనికి ఎట్లుంటది బామ్మర్దీ? విస్తట్ల వడ్డించినంక లేసిపోయినట్టు గాదా?" అన్నాడు.

కొత్తగూడెం వచ్చేసరికి నా పల్లీలన్నీ ఆయన దగ్గరికీ, ఆయన దగ్గర్నుంచి ఆయన కడుపులోకీ చేరాయి. పందెం తినేవాడితో ఆడకూడదని నెట్ సెంటర్లో నాకెవరూ చెప్పలేదు.

భద్రాచలం రోడ్ అనే స్టేషను

కొత్తగూడెంలో మేం దిగిన స్టేషను పేరు భద్రాచలం రోడ్. భద్రాచలం మాత్రం అక్కడ ఉండదు. ఇంకో గంటన్నర బస్సులో వెళ్ళాలి. చేతిలో ఏమీ లేకుండా పెంచడమంటే ఇదే అని బావకు చూపించాను. "పేర్ల రోడ్ అని ఉన్నది గద," అన్నాడు ఆయన, రైల్వేను సమర్థిస్తూ.

బస్టాండు దగ్గర మెస్సులో భోజనానికి కూర్చున్నాం. ప్లేటు ఇరవై రూపాయలు, అన్నం ఎంతైనా. మా ఖమ్మంలో ముందు కూరలు పడతాయి, తర్వాత అన్నం. ఇక్కడ ముందు అన్నం గుట్టలా పోసి వెళ్ళిపోయారు. కూరలు ఏమిటో ఎవరికీ తెలియదు. నాకు ఒళ్ళు పులకరించింది.

"చూడు బావా, ఇదే ఫ్లాప్‌కు ముందు. కూరలు తెరవలేదు. చేతిలో అన్నమే ఉంది. ఇప్పుడు ధైర్యమున్నవాడు రైజ్ అంటాడు," అన్నాను.

వడ్డించే ఆవిడ నా వెనకే ఉంది. రైస్ అన్నాననుకుని ఇంకో గరిటె వేసింది.

"అబ్బే, రైజ్ అంటే..." అన్నాను. ఇంకోటి వేసింది.

"రీరైజ్ గూడ చెప్పు," అన్నాడు బావ పక్కనుంచి. చెప్పలేదు గానీ ఆవిడ ఆయన మాట విని వేసేసింది.

అప్పుడు కూరలొచ్చాయి. కాకరకాయ పులుసు, కాకరకాయ వేపుడు. పప్పు అయిపోయిందట. నేను పుట్టి బుద్ధెరిగాక కాకరకాయ తినలేదు. లేవబోతే ఆవిడ అడ్డంగా నిలబడింది. "అడిగి పెట్టిచ్చుకొని ఇడ్సిపెడ్తవా సారూ? తిను, షుగర్‌కు మంచిది," అంది. పెద్దమ్మ పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి నేనింకా మొదటి గుట్టలోనే ఉన్నాను.

"ఫ్లాపేనా నాయనా?" అని ఆమె నిజంగానే జాలిగా అడిగింది.

పర్ణశాల

ఆ సాయంత్రం గోదావరి వంతెన దాటి భద్రాచలంలో సత్రంలో దిగాం. బావ తెల్లారగానే గుండు చేసే కళ్యాణకట్టకు పోదామన్నాడు గానీ, మర్నాడు మంగళవారం, కత్తి తగలకూడదని అక్క గట్టిగా చెప్పి పంపింది. అందుకని గుండు బుధవారానికి వాయిదా వేసి, మంగళవారం పర్ణశాల బస్సు ఎక్కాం. పెద్దమ్మ కూడా వచ్చింది.

పర్ణశాలలో వాగు ఒడ్డున సీతమ్మ చీరలు ఆరేసిన చారలని రాళ్ళు చూపిస్తారు. చారలు నిజంగానే ఉన్నాయి. బంగారు లేడి బొమ్మ కూడా ఉంది, దానికి ఆ ఏడాదే పసుపు రంగు వేసినట్టున్నారు. దాని ముందు నిలబడి, తళతళలాడేదల్లా చూసి ఆవేశపడకూడదని బావకు ఉపన్యాసం ఇచ్చాను. రాణి, పది గురించి మళ్ళీ చెప్పాను. ఆ మాటలు ఆ రోజు మధ్యాహ్నం నాకే పనికొచ్చేవి, కానీ ఉపన్యాసం ఇచ్చేవాడికి తన గొంతు సరిగ్గా వినపడదు.

తిరుగుదారిలో అడవి మధ్య బస్సు ఆగిపోయింది. డ్రైవరు బానెట్టు తెరిచి తల లోపలికి పెట్టాడు. కండక్టరు వాడి వెనక నిలబడి సలహాలివ్వడం మొదలుపెట్టాడు. మేమంతా దిగి దగ్గర్లో ఉన్న కోయవారి గూడెం నీడకు చేరాం. మొదటి ఇంటి పందిరి కింద ముత్తమ్మ, ఆమె భర్త జోగయ్య చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. మమ్మల్ని ఎవరని అడగకుండానే సొరకాయ బుర్రలోంచి జావ పోసి ఇచ్చారు. మా వైపయితే మంచినీళ్ళు ఇచ్చేలోపే ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీసేస్తాం. జావ చల్లగా, కొంచెం పుల్లగా ఉంది. నాకు చాలా నచ్చింది. రెండోసారి పోస్తానంటే ఈసారి ఏమొస్తుందో తెలుసు కాబట్టి ధైర్యంగా సరేనన్నాను.

గింజల కుప్ప చూసి నా చేతులు ఊరుకోలేదు. ఆడుకుంటామని అడిగాను.

"ఆడుకోండ్రి. పోయేటప్పుడు గంపల పొయ్యుండ్రి. అయి గూడ అమ్ముతం," అంది ముత్తమ్మ. తర్వాత భర్తతో వాళ్ళ భాషలో ఏదో అంది. ఇద్దరూ నా వంక చూసి నవ్వుకున్నారు.

ముక్కలు తెరవకముందు

బావ చింతగింజలు తినడు కాబట్టి ఆట మొదటిసారి న్యాయంగా సాగింది. అయినా నాకు ముక్కలు రాలేదు. నేను సిద్ధాంతం ప్రకారం పారేస్తూ పోయాను, బావ సంతోషంగా గింజలు లాక్కుంటూ పోయాడు. నా కుప్ప గుప్పెడయ్యాక వచ్చాయి ఆసు, రాజు. రెండూ ఇస్పేటే.

బావ ఎప్పటిలాగే పెంచాడు. నేను తిరిగి పెంచాను. ఆయన తన కుప్పంతా మోచేత్తో ముందుకు తోశాడు. నేను ఆలోచించాను. ఈయన ఎప్పుడూ పెంచే మనిషి. ఆసు రాజుతో అటువంటివాడి ముందు లేవడం పాపం. ఉన్న గుప్పెడూ పెట్టి కాల్ అని ఊరుకోవచ్చు, ఆట నియమం అదే. కానీ నాకు ఊరుకోబుద్ధి కాలేదు. నిన్నటినుంచీ వరసగా ఓడినవాడికి మంచి ముక్కలు వస్తే, వాటికి తగ్గ పందెం పెట్టకపోతే అవమానంగా ఉంటుంది. పెట్టడానికి ఒంటిమీద బట్టలు తప్ప ఏమీ లేవు. బట్టలూ, జుట్టూ.

"బావా, నా జుట్టు పెడుతున్నా. ఓడితే రేపు నీతోపాటు నాకూ గుండే," అన్నాను.

భయపడి లేస్తాడనుకున్నాను. బావ కనురెప్ప కూడా వేయలేదు. "నాది గూడ పెడ్తున్న. కాల్."

మధ్యలో ముక్కలు తెరవబోతుంటే పెద్దమ్మ లేచి నిలబడింది. ఆమె ఆట చూడటం లేదు. బస్సు వైపు చూస్తూ రాములవారిని తలుచుకుంటోంది. నా మాటల్లో జుట్టు, రేపు, గుండు మాత్రమే ఆమె చెవిన పడ్డాయి. రెండు చేతులూ కళ్ళకద్దుకుని, ముత్తమ్మను అడిగి చిటికెడు పసుపు తీసుకుంది. తన చేతిరుమాలు అంచు చింపి పసుపు పూసి, అందులో రూపాయి బిళ్ళ పెట్టి ముడుపు కట్టి నా చేతిలో పెట్టింది.

"మంచిగ మొక్కినవ్ బిడ్డా. బస్సు కదలక ఇంతమంది అడవిల చిక్కుకున్నరని నీకొక్కనికే తోచింది," అంది.

"పెద్దమ్మా, ఇది మొక్కు కాదు, పందెం. ఇంకా ఫ్లాప్ తెరవలేదు."

"మొక్కు ఎట్ల ఫ్లాప్ అయితది నాయనా?"

సరిగ్గా అప్పుడు బస్సు స్టార్టయింది.

బస్సంతా నా వైపు తిరిగింది. పెద్దమ్మ ఒక్కొక్కరికీ చెప్పడం మొదలుపెట్టింది. కండక్టరు వచ్చి నా భుజం తట్టాడు. నేను మాత్రం మొండిగా ముక్కలు తెరిచాను. మొదటి మూడింట్లోనే ఇంకో ఆసు వచ్చి నాకు జత పడింది. తర్వాతివి బావకు ఏ సాయమూ చేయలేదు. ఆయన తన రెండూ చూపించాడు. ఏడు, రెండు, అవీ వేర్వేరు రంగులు. ఆ ఆటలో అంతకన్నా పనికిమాలిన చెయ్యి లేదు.

గెలిచాను. గుప్పెడు గింజలు గెలిచాను, అవి ముత్తమ్మవి. బావ జుట్టు గెలిచాను, అది బర్రె దొరికిన రోజునుంచే రాములవారిది. పోయేదేమీ లేని మనిషి మీద నేను నా సర్వస్వం పెంచానని అప్పుడు వెలిగింది.

"ముందే చెప్పొచ్చు కదా బావా, నీ జుట్టు ఎలాగూ పోయేదేనని."

"నీకు ఎర్కలేదా? దానికోసమే గద వచ్చినం."

గింజలు గంపలో పోస్తుంటే ముత్తమ్మ మళ్ళీ ఏదో అంది. ఏమంటోందని జోగయ్యను అడిగాను. "జుట్టు మంచిగుండె అంటున్నది," అన్నాడు. అప్పుడే భూతకాలంలో చెప్పడం నాకు నచ్చలేదు.

బస్సులో డ్రైవరును బతిమాలుకున్నాను. "ఇంజను మీరే కదా సరిచేశారు, దేవుడికేం సంబంధం?"

"ఏమో సార్, నేనైతే ఏం జెయ్యలే. ఊకె చెయ్యి పెట్టిన, స్టార్టయింది," అన్నాడు ఆయన అద్దంలో నన్నే చూస్తూ. "నువ్వు తప్పినవంటే మళ్ళ ఆగుతది. రోజూ ఇదే బండి నడపాలె నేను."

కళ్యాణకట్ట

బుధవారం పొద్దున గోదావరిలో మునిగి వరసలో కూర్చున్నాం. మూడు కత్తెరలతో సరిపెట్టుకోవచ్చా అని మెల్లగా అడిగాను. అది ఆడవాళ్ళకు అని నా వెనక వరసలోంచి పెద్దమ్మ గట్టిగా చెప్పింది. గుండు చేసే ఆయన నా తల తడిపి, జుట్టు దట్టంగా ఉందని మెచ్చుకుని, పని మొదలుపెట్టాడు. మీసం దగ్గర ఆగి "ఇది గూడ మొక్కిండ్రా?" అన్నాడు. నేను కాదనేలోపే బావ "అవ్" అన్నాడు. ఆయనకు ఒక్కడికే మీసం లేకపోతే బాగుండదనిపించిందట.

దర్శనం మాత్రం నిజంగా బాగా అయింది. గర్భగుడి ముందు నిలబడి నేను ఏమీ కోరలేదు. కోరితే ఎవరు వింటారో, ఎలా వింటారో అని భయం పట్టుకుంది. బయటికొచ్చాక చల్లగాలికి తల మీద చెయ్యి వేసుకుంటే ఎవరి తలో ముట్టుకున్నట్టుంది. ఒక్కసారిగా శుక్రవారం గుర్తొచ్చి ఏడుపొచ్చింది. వచ్చిందని దాచుకోను. ఇరవై తొమ్మిదేళ్ళకు మొదటిసారి ఒక సంబంధం మాటల దాకా వచ్చింది.

ఖమ్మంలో ఇంటికి చేరితే అమ్మ తలుపు తీసి, నన్ను చూసి, "ఎవరు కావాలె?" అంది. అబద్ధం కాదు.

మధిర

పెళ్ళిచూపులు ఆపడానికి వీల్లేకపోయింది, వాళ్ళు అప్పటికే చుట్టాలను పిలిచారు. శుక్రవారం మేం మధిర రైలెక్కాం, అమ్మ దారి పొడవునా నా తల మీద తువ్వాలు కప్పింది. మధిర మా జిల్లాయే అయినా మాట అప్పుడే కృష్ణా వైపు ఒరుగుతుంది. రండి, కూర్చోండి అని ప్రతి మాటకూ ఒక 'అండి' తగిలిస్తారు. పూతరేకులు, జంతికలు పెట్టారు. తినబోతుంటే తువ్వాలు జారిపోయింది.

అమ్మాయి పేరు మాధవి, మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. ఆమె కళ్ళు నేలమీదే ఉన్నాయి గానీ భుజాలు కదులుతున్నాయి. చివరికి వాళ్ళ నాయనమ్మ అడిగింది.

"ఏం మొక్కుకున్నావు బాబూ?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. "ఈ సంబంధం కుదరాల్నని మొక్కిండమ్మా. పిల్లను సూడకముందే."

నాయనమ్మ ముఖం వెలిగిపోయింది. అమ్మ అంతటితో ఆగితే బాగుండేది. కానీ ఆ వెలుగు చూసి ఇంకొంచెం పెంచింది. "ఫొటో జూసిన్నాడే మొక్కిండు. మీసం గూడ ఇచ్చిండు."

పెద్దవాళ్ళు మమ్మల్ని మాట్లాడుకోమని డాబా మీదికి పంపారు. మాధవి గోడకానుకుని నిలబడింది.

"మేం ఫొటో పంపలేదండి," అంది.

"తెలుసండి," అన్నాను.

ఇక దాచడానికి ఏముంది, తల మీద జుట్టే లేదు. పల్లీల దగ్గర్నుంచి ముడుపు దాకా మొత్తం చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది. "ఇంతకీ ఆ ఆట మీరు గెలిచారా?"

"గెలిచానండి."

"ఓడితే ఏమయ్యేది?"

"అప్పుడూ ఇదేనండి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. నాకు కూడా నవ్వొచ్చింది. భద్రాచలం బయల్దేరాక నేను మనసారా నవ్వింది అప్పుడే. తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుని నిదానంగా చెప్పింది.

"ఇప్పుడే అవునని అనలేనండి. వద్దనీ అనను. జుట్టు మొలిచాక ఒకసారి రండి. మొత్తం చూసి చెప్తాను."

పారేయలేదు. పెంచలేదు. ముక్కలు తెరిచేదాకా ఆటలో ఉంటానంది. చేతిలో అంతంతమాత్రం ఉన్నప్పుడు అంతకన్నా సరైన నిర్ణయం లేదు. నేను దాన్ని నేర్చుకోవడానికి నెట్ సెంటర్లో ఎన్నో మధ్యాహ్నాలు పోగొట్టుకున్నాను. ఆమెకు అది పుట్టుకతోనే వచ్చినట్టుంది. మెట్లు దిగుతుంటే నా తల తేలికగా ఉంది, కొంత జుట్టు లేక, కొంత సంతోషంతో.

మధిర ప్లాట్‌ఫారం మీద అమ్మ ఇంక ఆగలేకపోయింది.

"ఏమన్నదిరా పిల్ల?"

"కాల్ అన్నదమ్మా," అన్నాను, గర్వంగా.

అమ్మ ఠక్కున ఆగిపోయింది. ముఖంలో రంగు పోయింది. వెనక్కి తిరిగి వాళ్ళ ఇల్లున్న వైపు చూస్తూ, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"కాలా? టీ ఇచ్చేటప్పుడు మంచిగనే నడిచింది గదరా. ఏ కాలు?"